కిటికీ అద్దంలో మాస్టారి ముక్కలు

మాస్టారి పేకముక్కలు నాకు రైలు కిటికీ అద్దంలో కనిపించేవి. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన అన్నేళ్లపాటు లేనిపోని బాధ మోసేవారు కాదు.

ఎనభైల చివర్లో నా ఉద్యోగం తెనాలిలో, ఇల్లు రేపల్లెలో. సాయంత్రం పాసింజర్లో సీజన్ టికెట్ వాళ్లం నలుగురం మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకాడేవాళ్లం. మాలో ఒకాయన ఓడలో పనిచేసి వచ్చాడు. రమ్మీ మాన్పించి పోకర్ నేర్పింది ఆయనే. పందెం చింతపిక్కలు.

ఆ ఆటలో వంతు వచ్చినవాడు ముక్కలు చూడకముందే కొన్ని పిక్కలు కట్టాలి. అది పెద్ద బ్లైండు. ఆ తర్వాత ఎవరైనా పందెం పెంచితే, ఇంకొన్ని వేసి నిలబడాలి, లేదా కట్టింది వదులుకోవాలి.

“ప్రతి పెంపుకీ పారిపోతే నిన్ను ఒలుచుకు తింటారు. అలాగని చెత్త ముక్కలతో మొండికెయ్యకు,” అనేవాడు ఓడాయన.

మాస్టారు తెనాలి హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. భార్య పోయి ఏడాది. కూతురిది బాపట్లలో కాపురం. ఇంటికి వెళ్తే పలకరించే దిక్కు లేదు, అందుకే మా ఆటంటే ఆయనకు ప్రాణం. చలికాలంలో ఆయన దగ్గు కోసం కిటికీ అద్దం దించేవాళ్లం. పక్కవాడి కంట పడకుండా ఆయన ముక్కల్ని కిటికీ వైపు తిప్పుకునేవారు. వేమూరు వచ్చేసరికి బయట చీకటి. పెట్టెలో లైటు వెలుగుకి, ఎదురు సీట్లో ఉన్న నాకు అద్దంలో అన్నీ తెలిసిపోయేవి.

ఆయన బ్లైండు కట్టినప్పుడు ఆయన ముక్కలు బాగా లేకపోతే పందెం పెంచేవాణ్ణి. బాగుంటే వదిలేసేవాణ్ణి. గెలవడం బాగుండేది, అంతే.

ఒకరోజు ఆయనకు రెండు రాజులు పడ్డాయి. నేను ముక్కలు కింద పడేశాను.

“ఏంటోయ్, నాకు మంచి ముక్క పడ్డప్పుడల్లా పారిపోతావు?”

“మీ మొహమే చెప్పేస్తుందండీ మాస్టారూ!” అన్నాను. “క్లాసులో కాపీ కొట్టే కుర్రాడి మొహమండీ మీది!” అని ఓడాయన అందుకున్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వారు. కాసేపటికి, “అయితే మా ఆవిడకీ తెలిసిపోయిందన్నమాట,” అన్నారు.

జబ్బు నయం కాదని డాక్టరు చెప్పిన మాట ఆయన భార్య దగ్గర చివరిదాకా దాచారు. ఆ సంగతి తెలియక ఆవిడ ధైర్యంగా పోయిందని అనుకుంటూ బతుకుతున్నారు. నా నోట్లో వేరుశనగ గింజలున్నాయి. నములుతూ ముక్కలు పోగేసి మళ్లీ కలిపాను.

మర్నాడు ఆయన, “నాకు పంచకండర్రా,” అన్నారు. వారం తిరక్కుండా వేరే పెట్టె ఎక్కడం మొదలుపెట్టారు. ప్లాట్‌ఫాం మీద కనపడితే తల వంచుకునేవారు, మొహం చూపించడమే తప్పయినట్టు.

తొంభైల్లో, రిటైరై కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసి బాపట్ల వెళ్లాను. సంతోషంగా చెయ్యి పట్టుకున్నారు. అందరినీ పేరుపేరునా అడిగారు. మాటల్లో తనే ఎత్తారు: “ఆఖర్న ఆవిడ నన్నేమీ అడగలేదోయ్. నా మొహంలోనే చదువుకుని ఉంటుంది.”

కాఫీ గ్లాసు కింద పెట్టాను.

“ఆవిడకేం తెలుసో నాకు తెలీదండి. మీ మొహంలో మాత్రం నాకెప్పుడూ ఏమీ కనపడలేదు మాస్టారూ. నేను అద్దంలో మీ ముక్కలు చూసి ఆడాను. మీరా మాటన్న రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. నన్ను క్షమించండి.”