ఈ ఆవు మొక్కజొన్న తింది

మా అమ్మమ్మ పాలక్యాను మూత ఎత్తి ఒక్కసారి ముక్కు పెడితే చాలు, ఆ ఆవు రంగేమిటో, నిన్న ఏం మేసిందో, పితికేటప్పుడు ఆవుకీ యజమానికీ మధ్య మాటలున్నాయో లేవో కూడా చెప్పేసేది. ఆవిడ కంట పడటానికి కొన్ని ఆవులు సిగ్గుపడేవని కూడా అంటారు. ఇందులో ఆవుల సిగ్గు సంగతి పక్కన పెడితే, మిగతాదానికి డెయిరీలో ముప్పై నాలుగేళ్ళ సర్వీసే సాక్ష్యం.

ఆవిడ పని డెయిరీలో పాలు దించుకునే అరుగు మీద. క్యాన్లు వరసగా వచ్చేవి. మూత తీయగానే పైకి లేచే మొదటి ఆవిరిలోనే వాసన పట్టాలి. రెండో క్షణానికి అది గాలిలో కలిసిపోతుంది. అనుమానం వస్తే ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేయాలి. బాగున్న క్యాను కుడిపక్కకి, తేడా ఉన్నది ఎడమపక్కకి. తెల్లనివన్నీ పాలు కావని లోకమంతా ఊరికే అంటుంది. ఆవిడ జీతం తీసుకుని అనేది.

అన్నేళ్ళు అనుమానించడమే ఉద్యోగమైన మనిషికి రిటైరైనంత మాత్రాన నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఇంటికొచ్చిన ప్రతి పొట్లాన్నీ వాసన చూసిగానీ లోపలికి రానిచ్చేది కాదు. అల్లుణ్ణి కూడా అలాగే చూసి ఒప్పుకుందని ఇంట్లో ఒక పాత జోకు. డెయిరీ కూడా ఆవిడ్ని వదల్లేదు. యంత్రం సరేనన్న పాలని తాగేవాళ్ళు వద్దన్నప్పుడల్లా మేనేజరు ఆవిడకే ఫోను చేసేవాడు.

రెండు నెలల కిందట ఆవిడకి జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కుని కూడా వెంట తీసుకుపోయింది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా లోకం మీద పడింది. సబ్బు నకిలీదంది. కాఫీపొడిలో పొట్టు కలిపావని కొట్టువాడితో అరగంట వాదించింది. కిటికీలో కుండీ దగ్గర వంగి చూసి, "పూలు కూడా మోసం మొదలెట్టాయా?" అంది.

శుక్రవారం మేనేజరు నుంచి ఫోనొచ్చింది.

"అమ్మా, ఒక రైతు పాలు వారం నుంచీ ఏదో వాసనొస్తున్నాయంటున్నారు. యంత్రంలో చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయనకున్నవి ఆరంటే ఆరు ఆవులు. సోమవారం మీరొచ్చి ఒకసారి మూతెత్తండి. మీరు సరేనంటే తీసుకుంటాం, వద్దంటే ఆపేస్తాం."

"వస్తాలే" అంది అమ్మమ్మ. ఆరు ఆవుల మనిషి బతుకు తన ముక్కు మీద వేలాడుతోంది. ఆ ముక్కు ఉందో లేదో తనకే తెలియదు. ఒప్పుకుంటే ఇన్నేళ్ళ పరువు పోతుంది. ఒప్పుకోకుండా ఊహించి చెబితే, పాపం, ఎవరివో మంచి పాలు కాలవపాలు కావచ్చు.

శనివారం మధ్యాహ్నం ఆవిడ చెల్లెలు దిగింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"లేవే అక్కా! వెనక వీధిలో క్రాఫ్ట్ బీరు కొట్టు పెట్టారు. అన్నీ వాళ్ళే కాస్తారట. పదహారు రకాలు!"

"ఆ కంపు నాకెందుకే?"

కంపు అన్న మాట తన నోటినుంచే వచ్చాక అమ్మమ్మ ఆగిపోయింది. పదహారు వాసనలు ఒకే కప్పు కింద. ఇంట్లో ఎవరికీ తెలియకుండా ముక్కుని పరీక్షకి కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి చోటేది? చెప్పులేసుకుంది. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడానికని ఇది రాస్తున్న మనవడు కూడా బయల్దేరాడు. చెయ్యి పట్టుకోనివ్వలేదు, అది వేరే సంగతి.

కొట్టు ఒకప్పుడు రిపేరు షెడ్డు. సిమెంటు నేల, పొడుగాటి చెక్క బల్లలు, పదహారు పేర్లు రాసిన బోర్డు, వెనకాల అద్దం గోడ. అద్దం అవతల స్టీలు ట్యాంకులు. అందరూ బల్లల వైపు వెళ్తే అమ్మమ్మ తిన్నగా అద్దం దగ్గరికి వెళ్ళింది.

"ఇవి పాల ట్యాంకులు."

"బీరు ట్యాంకులక్కా."

"నాకు చెప్పకు. ఆ మూత చూడు, ఆ అడుగు వాలు చూడు. ఎక్కడో డెయిరీ మూతపడితే పట్టుకొచ్చారు."

నేల మీద నీళ్ళు నిలిచాయేమోనని వెతికింది. లేవు. గొట్టం కింద పడేశారేమోనని చూసింది. కొక్కేనికి చుట్టి వేలాడుతోంది. ఒక్క తప్పూ దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది.

చెక్క పళ్ళెంలో చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. మొదటిది గుప్పుమని పూలవాసన, నోట్లో పడేసరికి చేదు. "కషాయానికి సెంటు పూశారు" అంది. రెండోది పుల్లటిది. "ఇది ఎడమపక్కకి. క్యానుతో సహా వెనక్కి పంపాలి." మూడోది నల్లగా, పొగవాసనతో ఉంది. "కొంప తగలబడ్డాక మిగిలిన నీళ్ళు."

"అన్నీ బాగానే పసిగట్టావుగా!" అంది చెల్లెలు.

అమ్మమ్మకి ఊరట కలగలేదు. చెవి దగ్గర పెట్టి శంఖం ఊదితే చెవిటివాడు కూడా ఉలిక్కిపడతాడు. అది వినడం కాదు. తనకి గుసగుస వినపడుతుందా లేదా, అదీ తేలాల్సింది.

బీరు కాచే అమ్మాయి రబ్బరు బూట్లతో అటుగా వెళ్తుంటే ఆపి అడిగింది. "ఇలా అరవకుండా, నెమ్మదిగా మాట్లాడేది ఏదైనా ఉందా నీ దగ్గర?"

"ఉందండి. క్రీమ్ ఏల్ అని, తేలికపాటి బీరు."

క్రీమ్ అన్న మాటకి అమ్మమ్మ నిటారుగా కూర్చుంది.

లేత బంగారు రంగు, పైన పల్చటి నురగ. చెల్లెలు ఒక గుక్క వేసి కళ్ళు మూసుకుంది. "అబ్బ! మీగడే అక్కా! వెన్న జారినట్టు జారింది."

"అవునమ్మమ్మా, చివర్లో మీగడ తెలుస్తోంది" అన్నాడు మనవడు కూడా.

అమ్మమ్మ గ్లాసు మీద అరచెయ్యి మూతలా పెట్టింది. కాసేపాగి చటుక్కున తీసి ముక్కు పెట్టింది. మీగడ లేదు. మళ్ళీ మూసింది, మళ్ళీ తీసింది. లేదు. ఒక గుక్క నోట్లో తిప్పింది. అక్కడా లేదు. నిద్రలో లేపి అడిగినా మీగడని గుర్తుపట్టగల మనిషి, ఇద్దరికి దొరికింది తనకి దొరక్కపోయేసరికి ముఖం పాలిపోయింది. అయిపోయింది అనుకుంది. సోమవారం రానని మేనేజరుకి ఏ మొహంతో చెప్పాలి?

అయినా అలవాటు పడ్డ ప్రాణం ఊరుకోదు. మూడోసారి మూసి తీసింది. ఈసారి ఏదో తగిలింది. మీగడ కాదు. సన్నగా, తియ్యగా, గోడ అవతల ఎవరో కండెలు ఉడకబెడుతున్నట్టు. అరుగు మీద చలికాలం పొద్దుటి పూట, గోతిలో పాతర వేసి మాగబెట్టిన మేత తిన్న ఆవుల క్యాన్లు దిగేటప్పుడు వచ్చే వాసన.

"ఈ ఆవు మొక్కజొన్న తింది" అంది గట్టిగా.

పక్క బల్లవాళ్ళు ఇటు తిరిగారు. చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏ ఆవే తల్లీ? తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు. నువ్వు బీరు కొట్లో కూర్చుని ఆవంటే ఏమంటారే? నాలుగు గుక్కలకే ఎక్కిందా?"

"నవ్వింది చాలు. ఆ అమ్మాయిని పిలు."

అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇందులో మీగడ ఎంత వేశావు?"

"చుక్క కూడా లేదండి. పేరొక్కటే అలా ఉంటుంది."

"మొక్కజొన్న?"

ఆ అమ్మాయి తుడుచుకోవడం ఆపేసింది. "ఎవరు చెప్పారండి? బోర్డు మీద కూడా రాయలేదే! తాగడానికి తేలిగ్గా ఉంటుందని బార్లీతోపాటు కాస్త మొక్కజొన్న వేస్తాం. వాసన మిగలకూడదని గంటన్నర మరిగిస్తాను. ఈసారెందుకో కొంచెం ఉండిపోయింది. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్నాను."

"నీకెలా తెలిసింది?"

"ట్యాంకు మూత తీయగానే పట్టేశానండి. మొదటి ఆవిర్లోనే."

అమ్మమ్మ ఆ అమ్మాయిని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత గ్లాసెత్తి తాగింది. ముప్పై నాలుగేళ్ళు నోట్లో పోసుకున్నదల్లా ఉమ్మేసిన మనిషి ఈసారి మింగింది. చల్లగా, మెత్తగా దిగింది. చేదు చుట్టపుచూపుగా వచ్చి, కూర్చోకుండానే వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఇంకో గ్లాసు తెప్పించుకుని, "ఇదీ ఆ ట్యాంకుదేనా?" అని రెండుసార్లు అడిగి, అదీ తాగింది.

ఆ తర్వాతే చెల్లెలితో మెల్లగా అంది. "రెండు నెలలుగా నా ముక్కు పనిచెయ్యట్లేదే."

"తెలుసు."

"ఎలా?"

"సబ్బు నకిలీదని మూడు కొట్లు మారావు. మూడింటికీ జ్వరం రాలేదుగా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నన్ను కూడా నకిలీదంటావని."

అమ్మమ్మ అక్కడి నుంచే మేనేజరుకి ఫోను చేసింది. "బాబూ, దాచిపెట్టాను, తప్పు నాదే. నా ముక్కు సగమే తిరిగొచ్చింది. ఎప్పుడు వాసన తెలుస్తుందో ఎప్పుడు తెలియదో చెప్పలేను. సోమవారం వస్తా. నా ఒక్కదాని మాట మీద ఆ రైతు పాలు ఆపకు. ఇంకో ముక్కుని వెంటపెట్టుకొస్తా. ఇద్దరం ఒకటే చెబితేనే నమ్ము."

అవతల మేనేజరు ఏమన్నాడో గానీ, "పరువుదేముందిలే" అని ఫోను పెట్టేసింది. లేచి, రబ్బరు బూట్ల అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "సోమవారం పొద్దున్నే ఐదింటికి లేవగలవా? పాలు చూడాలి."

ఆ అమ్మాయి తెల్లబోయి, "లేస్తానండి" అంది.

ఇదంతా రాసి ఆదివారం వినిపించి, మనవడు చివర్లో చిన్న మనవి కూడా చేసుకున్నాడు. "అమ్మమ్మా, ఎవరో బయటి పిల్ల ఎందుకే? నేనొస్తా. నాకూ ముక్కుంది కదా!"

"నీది ముక్కు కాదురా, కళ్ళజోడుకి స్టాండు. బోర్డు మీద క్రీమ్ అని రాసుంటే మీగడే తాగుతావు. ఇంట్లో పడుండు."