మాస్టారి వరండాలో ఇంటర్వ్యూలు

మాస్టారు పోయారన్న కబురు మంగళవారం ఉదయం, నేను ఎ.కొండూరు ప్రార్థన కూటానికి సైకిలెక్కబోతుండగా వచ్చింది. ఆ నిమిషం నుంచీ నాకు కుదురు లేదు. పునరుత్థానాన్ని గొంతు చించుకుని ప్రకటించేవాణ్ణి, ఆయన పడక్కుర్చీ ఖాళీగా కనబడితే చూపు తిప్పుకుంటున్నాను.

తిరువూరులో ఆయన దగ్గర ఇంగ్లీషు చదవని ఇల్లు తక్కువ. రిటైరయ్యాక మాత్రం వేరే పని పట్టారు. ఇంజనీరింగ్ పాసై కూడా ఉద్యోగాల్లేక తిరుగుతున్న పిల్లల్ని సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి మాట్లాడించేవారు. వాళ్ళకు లెక్కలన్నీ వచ్చు, నోరే రాదు. తనకు నోరు తిరగదని దేవుడితోనే వాదించిన బైబిలు ప్రవక్త సంగతి నేనెత్తితే, "ఆయన తరఫున మాట్లాడ్డానికి అన్న ఉన్నాడు. వీళ్ళకెవరున్నారయ్యా?" అనేవారు.

ఆ పిల్లల్లో మా అక్క కొడుకు ఒకడు. బావ పోయాక అక్క కూలికెళ్ళి చదివించింది. మొదటి ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అనగానే వాడు లేచి, కళ్ళు మూసుకుని, దేవునికి స్తోత్రం చెప్పి, తాను పాపినంటూ మొదలుపెట్టాడట. మా సంఘంలో పిల్లలు పదిమందిలో నోరు విప్పేది సాక్ష్యం చెప్పడానికే మరి.

మాస్టారు నవ్వలేదు. "వాళ్ళడిగింది నీ రక్షణ సంగతి కాదురా, నీకు పనేం వచ్చని. ఎదుటివాడి ముఖం చూడు. చెప్పు. ఆపు."

తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వూ కూర్చోవయ్యా. నీ ప్రసంగంలో దేవుడికైనా మాట్లాడే సందివ్వవు."

ఆ వేసవంతా చింతపండులో గింజలు తీస్తున్న మాస్టారి భార్య, అమ్మగారి ఎదుట మావాడు మోటారు ఎందుకు కాలిపోతుందో తెలుగులో చెప్పేవాడు. ఆవిడ తలూపాకే మాస్టారు ఇంగ్లీషులోకి రానిచ్చేవారు. "తెలియనిదాన్ని ఇంగ్లీషు చాటున దాచకు" అనేవారు.

విజయవాడలో రెండో ఇంటర్వ్యూ సరిగ్గా భూస్థాపన రోజే పడింది. "మాస్టారి మీద గుప్పెడు మన్నెయ్యకుండా ఎలా పోతావురా?" అని అక్క ఏడ్చింది. వాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. మృతుల్ని పాతిపెట్టే పని వదిలి వెంటరమ్మన్న ప్రభువు మాటను నేనెన్ని కూటాల్లో ధీమాగా బోధించానో. మాస్టారి శవపెట్టె ముందు అది నా నోటికి రాలేదు.

అమ్మగారే లేచి వచ్చారు. "ఆయనుంటే ఈపాటికి నిన్ను బస్టాండుకి తీసుకుపోయేవారు. బస్సు వెళ్ళిపోతుంది, బయల్దేరు నాయనా."

వాడు వెళ్ళాడు. మేం మాస్టారిని మట్టికి అప్పగించాం.

సాయంత్రం వాడు బస్సు దిగి నేరుగా సమాధుల దగ్గరికే వచ్చాడు. నేనక్కడే తచ్చాడుతున్నాను.

"ఏమన్నార్రా?"

"రెండు ప్రశ్నలకి తెలియదన్నాను మామయ్యా. మిగతావి చెప్పాను. వాళ్ళలో పెద్దాయన నవ్వాడు. కబురు చేస్తామన్నారు."

ఆ కబురు ఇంకా రాలేదు. ఆ సాయంత్రం మాత్రం వాడు ఇస్త్రీ చొక్కా చేతులు పైకి లాక్కుని, పచ్చిగా ఉన్న మట్టిని గుప్పిట పట్టాడు. వెయ్యడానికే వంగాడు. చాలాసేపు గుప్పిట విప్పలేదు.