నల్ల గీత ఎవరికి?

2003 ఫిబ్రవరిలో నేను బందరులోని ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్రొడక్షన్ మేనేజరుగా చేరాను. ఆర్డరు తీసుకున్నప్పటి నుంచి పుస్తకాల కట్టలు ఆటో ఎక్కేదాకా పూచీ నాదే. శుభలేఖలు, కాలేజీ మ్యాగజైన్లు, పెద్దకర్మ కార్డులు మా రోజువారీ పని. ఆ వేసవిలో అవనిగడ్డ నుంచి నాగమణి అనే డ్రాయింగు టీచరుగారు ఒక పుస్తకం తెచ్చారు. నిండా బొమ్మలే. పేజీని గడులుగా విడగొట్టి, ప్రతి గడి చుట్టూ ఇండియన్ ఇంకుతో లావుపాటి గీత కట్టి, మనుషుల నోటి దగ్గర బుడగల్లో మాటలు రాశారు.

పిల్లల పుస్తకమా అని అడిగాను. "కాదండీ, పెద్దవాళ్లకే. మా అమ్మ కథ, నా కథ" అన్నారు. సొంత కథ రాసుకుంటారు గాని గీసుకోవడమేమిటో నాకు బోధపడలేదు. గడులు అడ్డంగా చదవాలో నిలువుగా చదవాలో తెలియక మా ప్రూఫ్‌రీడరూ నేనూ ఒక పూటంతా వాదించుకున్నాం. ప్రశ్న కంటే ముందు జవాబు వస్తోందని ఆయన గోల, కథే అలా ఉందేమోనని నా అనుమానం!

ఆవిడ తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లే మనిషి. 1977 నాటి దివిసీమ ఉప్పెనలో పోయారు. తల్లి చేపలమ్మి కూతురిని చదివించింది. ఆ కథ గీయడానికి నాగమణిగారికి ఏళ్లు పట్టిందట. అమ్మ ఒప్పుకుంటేనే అచ్చు వేయాలని, లేకపోతే మానేస్తానని ముందే చెప్పారు.

ప్రూఫు చూడడానికి తల్లి నాంచారమ్మగారు కూడా వచ్చారు. తన బొమ్మ చూసి ముచ్చటపడ్డారు. అంతలోనే మొహం మాడిపోయింది.

"ఇదేంటి బాబూ, బతికున్నదానికి నల్ల గీత కట్టారు? నన్ను అప్పుడే పంపించేశారా?"

అది ఉత్త గడి హద్దేనని చెప్పాను గాని ఆవిడన్నదీ నిజమే. మా ప్రెస్సులో ఫోటో చుట్టూ నల్ల గీత వేసేది పోయినవాళ్లకే. ముందురోజు కూడా ఒకరికి వేయించాను. నాగమణిగారు ఎంత నచ్చజెప్పినా తల్లి వినలేదు. టీచరుగారు కాగితాలు సంచీలో సర్దుకోబోతుంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఒక ఉపాయం చెప్పాను. ప్లేటు చేసే ముందు పేజీని పాజిటివ్ అనే ఫిల్ము మీదికి తీస్తాం. దాని మీది గీతను బ్లేడుతో గీకేస్తే అచ్చులో పడదు. బతికున్నవాళ్లకు గీకేద్దాం, పోయినవాళ్లకు ఉంచుదాం అన్నాను. బొమ్మ పాడవుతుందని టీచరుగారు గొణిగినా ఒప్పుకున్నారు. తీరా చూస్తే భార్యాభర్తలిద్దరూ ఒకే గడిలో ఉన్నచోట్లు బోలెడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి నాంచారమ్మగారి వైపు సగం గీకించాను.

రెండో ప్రూఫుకు తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. నాంచారమ్మగారు పేజీలు తిప్పుతూ, పడవ తోస్తున్న భర్త బొమ్మ దగ్గర ఆగారు.

"ఈయనకెందుకుంచారు?"

"పోయారు కదమ్మా" అన్నాను.

"ఎవరు చూశారు? శవం దొరికిందా? కర్మ చేశామా?"

అప్పుడు గమనించాను, ఆవిడ నుదుట కుంకుమబొట్టు ఉంది. పోయారని పుస్తకంలో కూతురే రాసింది. ఎవరి మాట ప్రకారం అచ్చు వేయాలి?

"నాది ఉంచితే ఉంచుకోండి బాబూ, ఎప్పటికైనా పడే గీతే. ఆయనది మాత్రం తీసేయండి."

నాగమణిగారు బ్లేడు అడిగి తీసుకుని, తండ్రి చుట్టూ గీతను తనే గీకారు.

అంతకుముందు గీకేసిన మిగతావాళ్ల గీతలు తిరిగి రావడానికి ఆ పేజీలకు కొత్త ఫిల్ము తీయించి, ఇద్దరూ ఉన్న గడుల్లో ఈసారి ఆయన వైపు సగం గీకించాను. పుస్తకం అలాగే వచ్చింది. అందులో గీత లేనిది ఆయన ఒక్కరికే. అది అచ్చు తప్పా అని కొందరు పాఠకులు ప్రెస్సుకు ఫోన్ చేశారు. కాదని చెప్పాను. ఎందుకని అడిగితే టీచరుగారిని అడగమన్నాను. ఆ తరువాత రిటైరయ్యేదాకా, పెద్దకర్మ కార్డుకు ఎవరు ఫోటో తెచ్చినా, గీత వేయించే ముందు వేయమంటారా అని అడిగేవాణ్ని. అంతకుముందు అడగాలని నాకు తెలియదు.