నడుం మీద చేతుల లెక్క

డబ్బా మూత తీయగానే ఉప్పునీళ్లలో ఊరిన ఉసిరికాయల వాసన ఏసీ గదంతా పాకింది. మేం నలుగురం తెరల ముందు కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్‌లను లెక్కపెట్టే గది అది. ఎవరు ఎవరికి పాస్ ఇచ్చారు, ఎవరు గోల్ వైపు కొట్టారు, అన్నిటికీ ఒక్కో మీట నొక్కాలి. నిన్న మధ్యాహ్నం తెర మీద ఒక జట్టు బంతిని అటిచ్చి ఇటు పుచ్చుకుంటూ తాపీగా మైదానమంతా తిప్పుతోంది. కొత్తగా చేరిన అమ్మాయి ఒక ఉసిరికాయ నోట్లో వేసుకుని, మొహం వంకర్లు తిప్పుతూ, "అక్కా, పాసులు కుప్పలు తెప్పలు, షాట్లు రెండే. వీళ్లకు గోల్ ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే బాగుణ్ణు" అంది. నాకు నవ్వాగలేదు. ఇరవై ఏళ్లు నిండకముందు నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. అనడమే కాదు, కాగితం మీద పెట్టి కింద సంతకం కూడా చేశాను. ఆ కాగితం వల్ల మునెమ్మ మాస్టరుకు ఆమె జట్టే దూరమయ్యేదే.

మునెమ్మ మాస్టరు బడిలో ఆటలు నేర్పి రిటైరయిన మనిషి. ఆడమనిషే అయినా చెన్నైలోని వ్యాసర్పాడిలో అందరికీ ఆమె మాస్టరే. తాతముత్తాతలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. పిల్లల్ని తెలుగులో తిట్టి, తమిళంలో బుజ్జగించేది. నూలు చీర మీద మగవాళ్ల చొక్కా, కాళ్లకు తెల్ల బూట్లు, మెడలో విజిల్. ఆ విజిల్ ఊదగా నేను విన్నది తక్కువ, ఆమె గొంతే మైదానం అవతలి గోడ దాకా వెళ్లేది. రైలు పట్టాల పక్క మైదానంలో ఆడపిల్లల జట్టును తయారు చేసింది. సగం ఆట అయ్యాక ఒక్కొక్కరి నోట్లో ఒక ఉప్పు ఉసిరికాయ పెట్టి, గింజ ఉమ్మేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. "నోరు పులస్తా ఉంటే పోట్లాడుకోరు మే" అనేది. నిజమే. ఆ తర్వాత తాగిన నీళ్లు తియ్యగా ఉండేవి, అప్పటికి కోపాలూ చల్లబడేవి.

నేను పురసవాక్కంలో ఒక బట్టల కొట్టు మీది మేడలో పెరిగాను. బంతిని కాలితో తాకిన పాపాన పోలేదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చదువుతూ, ప్రాజెక్టు కోసం లెక్కలు వెతుక్కుంటుంటే, నా క్లాసులోనే ఉన్న కల అనే అమ్మాయి తన జట్టు దగ్గరికి తీసుకెళ్లింది. మొదటి రోజే మాస్టరు చేతికి చిక్కాను. పెన్సిల్ మొన విరిగితే చెక్కుకుంటూ రెండు పాసులు చూడలేకపోయాను. పక్కన నిలబడ్డ పెద్దాయనను అడిగి రాసేసుకున్నాను. ఆట నడిపిస్తున్న మనిషి నన్నెలా గమనించిందో తెలియదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అది నువ్వు చూసినావా?"

"లే మాస్టర్. పక్కనాయన చెప్పినాడు."

"అయితే కొట్టెయ్. చూసిందే రాయి. చూడంది ఖాళీగా పెట్టు. ఖాళీగా పెడితే తప్పు లే."

ఆమె ఆట పద్ధతి చాలామందికి గిట్టేది కాదు. బంతిని ఎత్తి దూరంగా తన్నడం ఆమె పిల్లలకు అలవాటు లేదు. పక్కనున్న అమ్మాయికి ఇవ్వడం, మళ్లీ తీసుకోవడం, దారి దొరికేదాకా తిప్పడం. ఎవరైనా తొందరపడితే, "ఏంది మే, రైలెక్కాల్నా?" అని గట్టిగా అరిచేది. పక్క పట్టాల మీద రైలు పోతుంటే అందరూ నవ్వేవాళ్లు. అయితే ఆ ఏడాది ఆటలన్నీ గోల్ లేకుండా ముగుస్తున్నాయి. జట్టును నడిపే క్లబ్బు సెక్రటరీ మంచివాడే కానీ ఓపిక ఆయన ఇంటావంటా లేదు. "అమ్మాయీ, నీ లెక్క ఏం చెప్తా ఉండాది?" అని నన్ను అడిగాడు. అడిగిందే తడవుగా రంగు పెన్సిళ్లతో గ్రాఫు గీశాను. పాసుల గీత ఆకాశంలో, షాట్ల గీత నేల మీద. కింద ఒక వాక్యం: ఈ పద్ధతి ఫలితం ఇవ్వడం లేదు.

ఆయన దాన్ని మీటింగులో మాస్టరు ముందే చదివాడు. "చూడండి మాస్టర్, ఇది నా మాట కాదు, లెక్క చెప్పే మాట. వచ్చే ఆట గెలవకపోతే ఇంకో మాస్టర్ని పెట్టుకుంటాం." నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు క్షమాపణ అడుగుదామని వెళ్తే ఆమె చిరిగిన గోల్ వలను తాడుతో కడుతోంది. నా మొహం చూసి, "ఏడుపు దేనికి? లెక్క తప్పా?" అంది.

"లెక్క కరెక్టే మాస్టర్."

"అప్పురం ఇంకేంది? చదువు, వింటా."

మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి కల దగ్గర ఆపింది. కల బంతి అందినప్పుడల్లా దాదాపు వెనక్కే ఇచ్చినట్టు నా కాగితంలో ఉంది. "ఇది నేను చూడలే మే. నువ్వు చూసినావు. దాన్ని నేను ఓపిక అనుకున్నా. అది బయం." అంత పెద్దమనిషి తనకు కనపడనిది నాకు కనపడిందని ఒప్పుకోవడం నేనెప్పుడూ ఎరగను. నేను కొంచెం పొంగిపోయేలోపే కాగితం తిరగేసి, "సరే, ఇందులో అంతా మనోళ్లే ఉండారు. ఎదురోళ్లు యాడ?" అంది. నేను గడులన్నీ వెతికాను, అన్నీ మనవాళ్ల పేర్లే.

"మనోళ్లు బంతి తిప్పతా ఉంటే వాళ్లు సుమ్మా ఊరికే నిలబడతారా? ఎనకాల ఉరకతా ఉంటారు. వచ్చే ఆటలో నువ్వు బంతిని చూడొద్దు. ఎదురోళ్లు అలిసి నడుం మీద చెయ్యేసుకుంటే ఒక గీత గియ్యి. అంతే."

ఆ వారమంతా కల చుట్టూ నలుగురిని నిలబెట్టి, బంతి అందగానే వెనక్కి తప్ప ఎటైనా ఇవ్వమని సాధన చేయించింది. మొదటి రెండు రోజులు కల ఏడ్చింది, మూడో రోజుకు తిట్టడం మొదలుపెట్టింది. "ఆఁ, ఇప్పుడు దారిలోకొచ్చినావు" అంది మాస్టరు.

ఆట తిరువొత్తియూరులో, సముద్రపు గాలి తగిలే మైదానంలో. ఎదుటి జట్టు అమ్మాయిలు గట్టివాళ్లు. మొదటి సగంలో నా గీతలు ఒక చేతి వేళ్లకు సరిపోయాయి. మాస్టరు నా కాగితం చూసి, నా నోట్లో కూడా ఒక ఉసిరికాయ పెట్టింది. రెండో సగంలో గీతలు మొదలయ్యాయి. ఒకరు, ఇద్దరు, వరసగా ముగ్గురు. మనవాళ్లు మాత్రం బంతి ఇస్తూ పుచ్చుకుంటూనే ఉన్నారు. కాగితం నిండి వెనక వైపు రాసుకుంటున్నాను. అంతలో వాళ్ల కెప్టెన్ వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. మాస్టరు చెప్పింది నడుం. మరి మోకాళ్లు లెక్కలోకి వస్తాయా, రావా, వాటికి వేరే గడి గీయాలా అని నేను తల బద్దలు కొట్టుకుంటుండగా మైదానం దద్దరిల్లింది.

"ఏమైంది?" అన్నాను పక్కవాళ్లతో.

"గోలు!"

"ఎవరేసినారు?"

తలా ఒక పేరు చెప్పారు. కల వెనక్కి ఇవ్వకుండా ముందుకు తిరిగి ఇచ్చిందని అందరూ ఒప్పుకున్నారు, ఆ తర్వాత బంతి ఎవరి కాలికి తగిలి లోపలికి వెళ్లిందన్నది ఈనాటికీ తేలలేదు. ఆ ఒక్క గోల్‌తోనే గెలిచాం. సెక్రటరీ రొప్పుతూ వచ్చి నా కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పాడు.

"పాసులు యాడ?"

"చూడలే సార్."

"పోనీ, గోలు ఎవరేసిరి?"

"అదీ చూడలే సార్."

ఆయన నడుం మీద రెండు చేతులూ వేసుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. నేల మీద కూలబడి నవ్వుతున్న మాస్టరు ఆయన్ని వేలితో చూపించి, "ఇంకో గీత ఎయ్ మే!" అంది. గీశాను. చివరికి ఆయనా నవ్వాడు. ఇంకో మాస్టరు ఊసు మళ్లీ ఎత్తలేదు.

అంకెలు ఆటకు న్యాయం చేస్తాయా అని ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే నాకు ఆ రెండు కాగితాలూ గుర్తొస్తాయి. మొదటి దాంట్లో అబద్ధం లేదు. కల భయాన్ని పట్టించింది అదే. తప్పంతా కింద నేను రాసిన వాక్యానిది, సగమే చూసి సంతకం చేసిన నాది. రెండోదాన్ని ఇంకా దాచుకున్నాను. గోల్ వేసినవారి పేరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. రెండేళ్ల కిందట, మాస్టరు పోవడానికి కొద్ది రోజుల ముందు, మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆమె అడిగింది, "ఆ పేరు రాసినావా?"

"లే మాస్టర్. చూడలే కదా."

"అందరూ చెప్పినా?"

"చెప్పినా."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆమె లేని లోటు నాకు ఇంకా తెలుస్తూనే ఉంది.

నిన్న కొత్తమ్మాయికి ఒక కాగితం ఇచ్చి, కాసేపు బంతిని వదిలేసి ఎదుటి జట్టు నడుములు చూడమన్నాను. నాకు పిచ్చి పట్టిందేమో అన్నట్టు చూసింది. నీళ్లు తాగి, "అరె, తియ్యగా ఉన్నాయే" అనుకుంటూ గీతలు మొదలుపెట్టింది. పావుగంట తర్వాత తల ఎత్తి, "అక్కా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంటే లెక్కా, కాదా?" అంది.

ఇన్నేళ్లయినా నాకు జవాబు తెలియదు.

"తెలీకపోతే ఖాళీగా పెట్టు మే, తప్పు లే" అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వేదాకా, ఆ మాట నేను ఎవరి గొంతుతో అన్నానో గమనించుకోలేదు.