పసుపు మైనపు కప్ప

నా చిన్నప్పుడు, నిజాం సర్కారు పోయిన మరుసటి ఎండాకాలంలో, మా అమ్మ తమ్ముణ్ణి కని మంచం పట్టింది. పన్నెండు రోజులు జ్వరం కాసింది. జ్వరం దిగాక కూడా లేచి కూర్చునే ఓపిక రాలేదు. పసివాడికి పాలు చాలక రోజంతా ఏడ్చేవాడు. నార్సింగి నుంచి వచ్చిన వైద్యుడు నాడి చూసి, కొర్రమీను పులుసు పట్టిస్తే ఒంట్లో సత్తువ నిలబడుతుందని చెప్పి వెళ్లాడు.

కోకాపేటలో మాది చేపలు పట్టే ఇల్లు. అయినా అప్పుడు కొర్రమీను పట్టడం మాటలు కాదు. ఎండలకు చెరువు సగానికి సగం తగ్గింది. ఉన్న నీళ్లలో తుంగ దట్టంగా పెరిగి వల వేసే వీలు లేకుండా పోయింది. కొర్రమీను ఆ తుంగ మొదళ్లలోనే దాక్కుంటుంది. గాలానికి కప్పపిల్లను గుచ్చి నీటి మీద ఆడిస్తేనే బయటికి వస్తుంది. ఆ ఎండల్లో కప్పలన్నీ బురదలోకి దూరిపోయాయి. మా నాన్న రెండు రోజులు వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

అప్పుడు మా తాతయ్య మైనపు కప్ప మాట ఎత్తాడు. ఒకప్పుడు ఆయన తేనెమైనం కరిగించి, మెత్తగా ఉండడానికి కాస్త ఆముదం, రంగుకు పసుపు కలిపి, కాల్చిన మట్టి అచ్చులో గాలం పెట్టి పోసేవాడు. చల్లారితే అచ్చం కప్పపిల్లే. కింది నుంచి చూసే చేపకు ముందు కనబడేది పసుపు పొట్ట అనీ, రంగు మారితే కొర్రమీను దగ్గరిదాకా వచ్చి వెనక్కి తిరుగుతుందనీ ఆయన నమ్మకం. కళ్లకు పొరలు కమ్మి మూడేళ్లయింది. వెలుగూ నీడా తప్ప రంగులు తెలియవు. అందుకే ఆ పని మానేశాడు. ఉట్టిలో నిమ్మకాయంత మైనపు ఉండలు మూడే మిగిలాయి.

"నేను జేస్త తాతా" అన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నానమ్మ వద్దంది. తాతయ్య మాత్రం "చెయ్యనియ్యి" అన్నాడు.

తొందరలో ఇనుప మూకుడు పొయ్యి మీద పెట్టి, ఒక ఉండ అందులో వేసి మంట ఎగదోశాను. మైనం కరుగుతుండగానే పసుపు కూడా వేశాను. పొగ లేచింది. అచ్చులో పోసి, చల్లారాక తీసి చూస్తే కప్ప మాడిన బెల్లం రంగులో ఉంది. తాతయ్య ఏ రంగు వచ్చిందని అడిగితే, "పసుపే వచ్చింది తాతా" అన్నాను.

ఆయన చెయ్యి చాపాడు. కప్పను అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను దెబ్బ పడుతుందనుకుని నిలబడ్డాను. ఆయన కొట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా అన్నాడు.

"మాడిన వాసన దాస్తే దాగుతదా బిడ్డా? నాకు కండ్లు లేవు. నువ్వేది జెప్తే అదే నేను జూసినట్టు. నువ్వు అబద్ధం జెప్తే, నా చేత గూడ తప్పు జేయిస్తవు. మంచిగొచ్చినా చెడిపోయినా, జూసింది జూసినట్టు జెప్పు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మాడినదాన్నే మళ్లీ కరిగిద్దామా అని అడిగాను. ఒకసారి మాడిన మైనానికి రంగు తిరిగి రాదనీ, కాచినకొద్దీ ఇంకా నల్లబడుతుందనీ చెప్పాడు. ఇనుము తగిలినా, మంట నేరుగా తగిలినా మైనం రంగు చెడుతుందట. ఈసారి కళాయి పూసిన గిన్నెను వేడినీళ్ల కుండలో నిలిపి కరిగించమన్నాడు. పసుపును ఆముదంలో కలిపి, గుడ్డలో వడగట్టి, దించే ముందు వెయ్యమన్నాడు.

అలాగే చేశాను. గిన్నెలో బంతిపువ్వులాంటి రంగు వచ్చింది. నానమ్మను కూడా పిలిచి చూపించాను. కానీ అచ్చులోంచి తీసేసరికి కప్ప పొట్ట మీద ఎర్రటి మచ్చలు, తాంబూలం ఉమ్మినట్టు. మచ్చలు పొట్ట వైపే ఉన్నాయి, బోర్లించి చూపిస్తే నానమ్మకు కూడా తెలియదు. వాసనకూ దొరకవు. అయినా చెప్పేశాను.

"ఎర్రగైంది తాతా. పొట్ట మీద మచ్చలు మచ్చలుగున్నది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అచ్చు దేనితోని తోమినవ్?" అన్నాడు. బూడిదతో అన్నాను. "ఇంకేంది మరి! పసుపుకు సున్నం తగిలితే ఎర్రవడదా? బూడిద తగిలినా గంతే. నువ్వు నిజం జెప్పినవ్ గాబట్టి తప్పేందో దొరికింది" అన్నాడు.

ఇక మిగిలింది ఒకే ఉండ. నానమ్మ వచ్చి తాతయ్యతో, ఇగ చాలు, పిల్లను పరేషాన్ చెయ్యకు అంది. లోపల తమ్ముడు ఏడుస్తూనే ఉన్నాడు. నేను పళ్లు బిగించి అచ్చును చింతపండు నీళ్లలో నానబెట్టాను. రుద్ది, కడిగి, మళ్లీ మంచినీళ్లతో కడిగాను. నీళ్లు మరగకుండా మంట తగ్గించి, గిన్నె పక్కనుంచి కదలకుండా కూర్చున్నాను. పోసిన తర్వాత గబగబా తీయబోతే తాతయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు. పూర్తిగా చల్లారాక తీశాం. పొట్ట నిండా ఒకే పసుపు. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుందని తడిగుడ్డలో చుట్టి నీడలో దాచాం.

మరునాడు పొద్దున్నే ముగ్గురం చెరువుకు పోయాం. నాన్న తుంగ పక్కన నీళ్లలో నిలబడ్డాడు. గాలం ఆడించే ఒడుపు తాతయ్యదే కనుక వెదురు కర్ర ఆయన చేతిలో ఉంది. నేను ఆయన భుజం పట్టుకుని, కొర్రమీను గాలి పీల్చేచోట లేచే బుడగ కోసం నీళ్లను చూస్తున్నాను. బుడగ లేచిందా అని ఆయన అడిగిన ప్రతిసారీ ఔననాలని నోటిదాకా వచ్చేది. లేవలేదు గనుక లేదనే చెప్పాను. ఎండ వీపు మీదికి వచ్చాక, కుడిచేతి వైపు రెండు బారల దూరంలో బుడగ లేచింది. చెప్పాను. ఆయన కప్పను అక్కడే వేసి, ఒక్కసారి ఆడించి ఆపాడు. నీళ్లు బద్దలైనట్టు చప్పుడైంది. కర్ర విల్లులా వంగింది. నాన్న పరుగెత్తి, నా మోచేతి దాకా ఉన్న కొర్రమీనును రెండు చేతులా ఒడిసిపట్టాడు.

ఆ పులుసు అమ్మ మూడు పూటలు తాగింది. ఆ వారంలోనే గోడ పట్టుకుని లేచి నిలబడింది. పులుసు వల్లనే అని నేననను. కానీ తమ్ముడి ఏడుపు తగ్గిన ఆ మధ్యాహ్నం తాతయ్య, "ఈ పిల్ల కండ్లతోని పట్టిన" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

పెద్దయ్యాక దవాఖానలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. రోగి జ్వరం కాగితం మీద రాసేటప్పుడు, తగ్గిందని వినాలని ఇంటివాళ్లు నా ముఖంలోకి చూసేవాళ్లు. తగ్గితే తగ్గిందని రాశాను, పెరిగితే పెరిగిందని రాశాను. వాళ్ల పక్కన కూర్చుని ఓదార్చాను గానీ అంకె మార్చలేదు. ఎనభై దాటిన ఈ వయసులో నా కళ్లకూ మసక కమ్ముతోంది. ఇంట్లో పిల్లలెవరైనా నా కోసం ఏదైనా చదివి చెబుతుంటే, మంచిదైనా చెడ్డదైనా ఉన్నదున్నట్టు చదవమంటాను. వినడానికి నేను గట్టిగానే ఉన్నాను.