చప్పుడు చేయని బండి

నిన్న నందిగామలో, నేను ఒకప్పుడు పనిచేసిన మిర్చి గోడౌనుకి, అక్కడ ఇంకా కాయలు ఏరుతున్న మా తోటికోడలికి అన్నం క్యారేజీ ఇద్దామని వెళ్ళి నిలబడ్డానో లేదో, వెనకనుంచి హారన్ మోగి ఉలిక్కిపడ్డాను. తిరిగి చూస్తే బారెడు దూరంలో బస్తాలెత్తుకున్న ఫోర్కులిఫ్టు. ఛార్జింగు పెట్టుకునే కరెంటు బండట, చప్పుడూ లేదు, పొగా లేదు. మా తోటికోడలు దాన్ని చూపించి మురిసిపోతుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు.

మా రోజుల్లో బస్తాలన్నీ హమాలీల వీపుల మీదే కదిలేవని మా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గోడౌనుకి మొదటిసారి ఫోర్కులిఫ్టు కొనాలనుకున్నప్పుడు, కరెంటుదా డీజిల్‌దా అని షావుకారుగారు దాన్ని నడపబోయే మా ఆయననే అడిగారు. ఆయన అప్పటికే జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో రెండు రకాలూ నడిపి వచ్చిన మనిషి. మూసిన గోడౌన్లో పొగ లేకుండా కరెంటుదే బాగుంటుందని షావుకారుగారి మనసు. మా ఆయన ఒప్పుకోలేదు.

"వద్దండీ, అది చప్పుడు చెయ్యదు. మనాడోళ్ళు మూతికి గుడ్డ కట్టుకుని, తలొంచుకుని కాయలేరుకుంటుంటారు. ఎనకాల బండొచ్చినా తెలీదండీ."

ఆ ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

అలా డీజిల్ బండే వచ్చింది. దాని డబడబ వినబడితే చాలు, తలైనా ఎత్తకుండా కాళ్ళు ముడుచుకునేవాళ్ళం, ఆయన మా పక్కనుంచి వెళ్ళిపోయేవారు. మాలో ఏ ఒక్కరికీ ఏనాడూ చిన్న దెబ్బైనా తగల్లేదు. ఆయనకి దగ్గు ఎప్పుడు మొదలైందో మాత్రం ఎవరమూ గమనించలేదు, మిర్చి గోడౌన్లో దగ్గనివాళ్ళెవరు గనక? ఘాటుకి అందరం దగ్గుతూ తుమ్ముతూనే ఉండేవాళ్ళం. ఇంటికొచ్చాక కూడా ఆయన దగ్గుతుంటే, కాయలేరేది నేనైతే ఘాటు మీకెక్కిందా అని ఆటపట్టించేదాన్ని కూడా. అది ఘాటు కాదు, ఏళ్ళతరబడి పీల్చిన పొగ అని విజయవాడలో డాక్టరుగారు చెప్పేసరికే చెయ్యిదాటిపోయింది. ఆ ఎండాకాలం ఆయన గట్టెక్కలేదు.

ఇప్పుడొచ్చిన బండికి, మనుషులు దగ్గర్లో ఉంటే దానంతటదే వెలిగే లైటుందట, దానంతటదే మోగే హారనుందట. ఆయన భయమూ తీరింది, పొగా పోయింది. మంచి బండే, కాదనను, ఇదేదో అప్పుడే వచ్చి ఉంటే అని గుండె తరుక్కుపోతుందంతే. మా కాళ్ళ గురించి ఆయన అంత ఆలోచించారే, ఆయన ఊపిరి గురించి ఆలోచించినవాళ్ళు మాలో ఒక్కరూ లేకపోయారు. నిన్న ఆ గోడౌన్లో గాలి ఎంతో హాయిగా ఉంది. నేను మాత్రం అక్కడున్నంతసేపూ, కాళ్ళు ముడుచుకోమని చెప్పే ఆ డబడబ కోసమే చెవులప్పగించి కూర్చున్నాను.