పుట్టిలో కొత్తల్లుడు

మా వైపు నీళ్ళంటే బోరింగు దగ్గర బిందెల వరసే. వినుకొండ దగ్గర మెట్ట ఊరు మాది. చెరువు నిండడమే తక్కువ, నిండిన ఏడు మోకాలి లోతు దాటి దిగితే మా అమ్మ గట్టు మీద నిలబడి శోకాలు పెట్టేది. అలాంటివాణ్ణి ఎనభైల్లో పోయి పోయి మాచర్ల అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికి అల్లుణ్ణయ్యాను. పెళ్ళిచూపుల్లో కాబోయే బావమరిది పక్కన కూర్చుని, "ఈతొచ్చా బావా?" అనడిగాడు. పిల్ల తలుపు చాటునే ఉంది. రాదని ఎలా చెప్పను? తలూపాను. క్వారీలో రాళ్ళు మోసి పెరిగిన నా భుజాలు చూసి వాడు నమ్మేశాడు.

పెళ్ళయిన నెలకు అత్తారింటికి వెళ్ళాం. కొత్తల్లుడు వస్తే దిగువన ఏటి ఒడ్డునున్న శివాలయానికి పుట్టిలో తీసుకెళ్ళి కొబ్బరికాయ కొట్టించడం ఆ ఇంటి ఆనవాయితీ. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున గోనెపట్టా కట్టి తారు పూస్తారు. ఏటి అవతల చేలున్నవాళ్ళు కాబట్టి మా అత్తారివాళ్ళకు అది ఎద్దులబండి కింద లెక్క. నాకు మాత్రం దాన్ని చూడగానే, మనుషులు కూర్చోవాల్సిన వస్తువు కాదనిపించింది.

ఆ రోజు మాకు దారి చూపించే పెద్ద మా బావమరిదే. "మధ్యలో లేవమాక బావా. అంచు మీద బరువెయ్యమాక. కాళ్ళు బారజాపుకుని ఊరికే కూసో, మిగతాది నేను చూసుకుంటా" అని, నన్నూ మామగారినీ తన పుట్టిలో ఎక్కించుకున్నాడు. మా ఆవిడ, అత్తగారు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వెనక పుట్టిలో. దానికి చిన్నమామగారు తెడ్డు వేస్తున్నాడు. వేసవి మొదలు, ఏరు నెమ్మదిగా ఉంది. రెండు పక్కలా నాపరాళ్ళు పలకలు పలకలుగా పేర్చినట్టున్నాయి. కాసేపటికి నాకూ కొంచెం ధైర్యం వచ్చి, రాయి ఏ రకమో, ఎంత మందాన పగులుతుందో మామగారికి చెప్పడం మొదలుపెట్టాను. ఆయన పాపం శ్రద్ధగా విన్నాడు.

ఇంతలో బావమరిది తెడ్డు ఒక పక్కనే వేయసాగాడు. పుట్టి గిర్రున తిరిగింది.

"మా అక్క పేరు చెప్పు బావా! చెప్పిందాకా ఆపను."

కొత్త దంపతుల చేత గుమ్మంలో పేర్లు చెప్పించడం మా వైపూ ఉంది. వీళ్ళకు గుమ్మం చాలలేదు, ఏటి నడిమధ్య కావాల్సొచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ "ఇదిగో", "ఏమే" అనడమే తప్ప నేను ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. వెనక పుట్టి ఆగింది. అందరూ చెవులు రిక్కించుకుని చూస్తున్నారు, ఆమె కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎదురుచూస్తోంది. కొండలు తిరుగుతున్నాయి, ఆకాశం తిరుగుతోంది. ఒక చుట్టులో పుట్టి కాస్త ఒరిగి చల్లటి నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అమ్మా!" అని అరిచాను.

అరిచి ఊరుకున్నానా? బావమరిది కాళ్ళు రెండు చేతులా వాటేసుకున్నాను. వాడు తెడ్డు ఆపి, "మీ అమ్మను కాదు బావా, మా అక్కను పిలువు!" అన్నాడు. ఒడ్డున బట్టలుతుకుతున్న వాళ్ళు కూడా పని ఆపి నవ్వారు. మామగారు మర్యాదకు అటు తిరిగి నవ్వుకున్నాడు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు, తలొంచుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. అందరి నవ్వూ ఒక ఎత్తు, ఆమె నవ్వకపోవడం ఒక ఎత్తు. నాకు తల కొట్టేసినట్టయింది.

గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టాను. చెట్టు నీడన విస్తళ్ళు వేసి పులిహోర, పెరుగన్నం పెట్టారు. రెండు ముద్దలు తిని చెయ్యి ఆపాను. అత్తగారు మారు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. "ఒంట్లో బాగలేదా?" అంటే బాగానే ఉందన్నాను. "పులిహోర బాగలేదా?" అంటే అదీ బాగానే ఉందన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మామగారు కొడుకును పక్కకు పిలిచి ఏదో గుసగుసలాడాడు. నా పిరికితనం గురించే అనుకుని ఇంకా మొహం మాడ్చుకున్నాను.

తిరుగు ప్రయాణానికి పుట్లు నీళ్ళలోకి దించారు. నా కాళ్ళు అటు కదిలితేనా!

"నేను ఒడ్డెంట నడిచొస్తా" అని, ఎవరు పిలుస్తున్నా వినకుండా బయల్దేరాను. దారి అంటే దారేం లేదు. పలకరాళ్ళు ఎక్కడం, దిగడం, మధ్యలో కంపచెట్లు. కొత్త పంచె రెండుచోట్ల చిరిగింది. రాళ్ళు నాకు అలవాటే కాబట్టి చకచకా నడిచాను. గట్టి నేల మీద ఎంత వీరుణ్ణో!

వెనక నుంచి ఆయాసంతో పిలుపు వినపడింది. "అయ్యా, అల్లుడుగారూ! ఆగండయ్యా!"

చూస్తే మామగారు. చెప్పులు చేత పట్టుకుని, ఆ ఎండలో, ఆ రాళ్ళ మీద నా వెంట పడి వస్తున్నాడు. ఆయన వెనక బావమరిది. ఆయన నా ముందుకొచ్చి ఊపిరి తీసుకోవడానికే కాసేపు పట్టింది.

"అలకపాన్పు నాడు మీరేదీ అడగలేదు. అడగని అల్లుడు దొరికాడని నేను చానా మురిసిపోయా. మనసులో పెట్టుకున్నారని తెలవదు. కొత్త సైకిలు కొనిపెట్టాలంటే ఇప్పుడు నా చేతిలో డబ్బుల్లేవు. మావోడి సైకిలు తీసుకోండి. ఇట్టా అన్నం మానేసి, అలిగి నడిచిపోతే ఊళ్ళో మేం తలెత్తుకోగలమా?"

బావమరిది మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పాడు. వాడు మాచర్లలో మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. ఆ సైకిలు లేకపోతే రోజూ అంత దూరం వెళ్ళలేడు. అయినా తాళంచెవి నా ముందు చాపాడు. పొద్దున నన్ను ఆటపట్టించినవాడు ఇప్పుడు నా మొహం చూడడం లేదు.

నేను సిగ్గుపడి తిండి మానేస్తే, వీళ్ళకు అది బేరంలా కనపడింది. కాదని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. ఊరుకుంటే ఆ తాళంచెవి నా చేతిలో పడుతుంది.

"సైకిలొద్దు మామా" అన్నాను. "నాకు ఈత రాదు. వచ్చని అబద్ధమాడా. పుట్టి ఎక్కాలంటే భయం. అంతే, ఇంకేం లేదు."

ఆయన అక్కడే రాతి మీద కూలబడ్డాడు. నవ్వుతాడనుకున్నాను. తుండుతో కళ్ళు తుడుచుకుని, "ఆ ముక్క ముందే చెప్పొద్దా నాయనా" అన్నాడు. బావమరిది తాళంచెవి మళ్ళీ మొలతాడుకు కట్టుకుని, "ఈతరాదని తెలిస్తే తిప్పేవాణ్ణా బావా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదలకుండానే నన్ను వెనక్కి తీసుకెళ్ళి పుట్టి ఎక్కించాడు.

ఈసారి మా ఆవిడను నా పక్కన కూర్చోబెట్టారు. ఒడ్డును ఆనుకుని, లోతు లేనిచోటనే మెల్లగా తెడ్డు వేశాడు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. కొంతసేపటికి ఆమె నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నిజంగా భయమేనా?"

"నిజంగా భయమే."

గట్టిగా ఊపిరి వదిలింది. "నా పేరు చెప్పకపోయేసరికి, అన్నం వద్దనేసరికి, సైకిలిస్తేగాని నన్ను తీసకపోరేమో అనుకున్నా. మా తమ్ముణ్ణి ఇమ్మని చెప్పింది నేనే."

అమ్మా అని అరిచినందుకు పొద్దుటి నుంచీ చచ్చిపోతున్నాను. ఆమె తలొంచుకున్నది అందుకేననుకున్నాను. నెలరోజులు నా పక్కన పడుకుని లేచిన మనిషి, నా గురించి అలా అనుకోగలిగింది. కళ్ళు తెరిచి చూస్తే, పిరికివాడినని తెలిసి ఆమె మొహం తేటపడి ఉంది.